నైలాన్ కండెల మీద జరీ గీతలు

ఇప్పుడు ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరే పిల్లలను చూస్తే నాకు కాస్త అసూయగానే ఉంటుంది. నైలాన్ గింజల్లో తేమ ఎంత ఉందో డ్రయ్యరే అంకె వేసి చూపిస్తుంది. ఎక్కువైతే గంట కూడా కొడుతుంది. మా కాలంలో తేమ ఉన్నట్టు తెలిసేది సరుకు పాడయ్యాకే. అందులోనూ ఒకసారి ఆ తేమ ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవడానికి ఒక ఎండాకాలమంతా పట్టింది. ఈలోగా ఒక మంచి మనిషి ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది. ఆ సంగతే ఇది. పేర్లు రాయను. అందులో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు నాకు బస్టాండులో ఎదురుపడుతూనే ఉంటారు.

ఎనభైల మొదట్లో తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో ఒకే ఒక మౌల్డింగ్ మిషన్. మా యజమాని తిరుపతిలో పాత వైష్ణవ కుటుంబంవాడు. అన్నదమ్ములంతా కొండమీద ఉద్యోగాల్లో కుదురుకుంటే, ఈయనొక్కడే బ్యాంకు లోను తీసుకుని ప్లాస్టిక్కులోకి దిగాడు. అందరం ఆయన్ను సామీ అనేవాళ్లం. నేను పాలిటెక్నిక్ చదివి, మద్రాసులో కొన్నాళ్లు పనిచేసి, ఊరి మీద బెంగతో వెనక్కి వచ్చినవాణ్ని. నా ఉద్యోగం పేరు సూపర్‌వైజరు. నిజానికి తాళం తీసేదీ నేనే, సరుకు పరీక్ష చేసేదీ నేనే, గేటు దగ్గర ఆవులు దూరితే తోలేదీ నేనే.

మేము చేసేది కండెలు. మరమగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పేక నూలు చుట్టి పెట్టే సన్నటి కడ్డీని కండె అంటారు. నగరి, పుత్తూరు వైపు మగ్గాలవాళ్లు అంతవరకూ చెక్క కండెలే వాడేవారు. అవి పగులుతాయి, వానాకాలం ఉబ్బుతాయి. నైలాన్‌వి అయితే ఏళ్ల తరబడి మన్నుతాయని సామి వాళ్లను ఒప్పించాడు. ఒకటే షరతు. కండె ఒళ్లు నున్నగా ఉండాలి. నూలు దానిమీద నుంచి జారిపోవాలే తప్ప ఎక్కడా పట్టుకోకూడదు. పట్టుకుంటే పోగు తెగుతుంది, మగ్గం ఆగుతుంది, నేసేవాడు మమ్మల్ని తిట్టుకుంటాడు. అందుకని సరుకు మూట కట్టేముందు నేను కొన్ని కండెలు తీసి, వాటి మీద సన్న నూలు పోగు వేసి లాగి చూసేవాణ్ని. ఎంత పెద్ద పరికరం తెచ్చినా ఆ పోగు చెప్పినంత బాగా చెప్పదు.

మిషన్ నడిపేవాళ్లు ఇద్దరు. పొద్దుటి షిఫ్టుకు ఒకడు, మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు ఇంకొకడు. మామూలుగా వారానికోసారి షిఫ్టులు మారాలి. మా దగ్గర మారేవి కావు. ఎందుకంటే రెండో ఆయన రైతు. రేణిగుంటకు అవతల పల్లెలో బావి కింద కొంచెం చెనక్కాయ చేను ఉంది. బావి మోటారుకు కరెంటు పొద్దున పూటే ఇస్తారు. నీళ్లు కట్టుకుని, అన్నం తిని, సైకిలెక్కి రెండింటికి వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. మిషన్ దగ్గర ఆయన నిలబడితే నాకు ధైర్యంగా ఉండేది. కండెను పోతపోసే ఇనుప అచ్చును డై అంటారు. దాని వేడిని, మెడ మీద చెయ్యి పెట్టి జ్వరం చూసినట్టు చూసేవాడు.

ఆయన చేతికి వాళ్ల ఊళ్లో ఒక పేరు ఉండేది. విత్తనం వేసే రోజున తొలి పిడికెడు గింజలు ఆయన చేత వేయించుకునేవారు. ఆ చెయ్యి పడితే మొలక బాగా వస్తుందని నమ్మకం. తొలకరి పడిందంటే తెల్లవారకముందే ఎవరో ఒకరు వచ్చి ఆయన తలుపు తట్టేవారు. ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆ ఊరి నుంచే మా దగ్గర కండెలు ఏరడానికి వచ్చే ఆడవాళ్లు చెప్పారు.

చలికాలమంతా సరుకు అద్దంలా వచ్చింది. ఎండలు ముదిరాక మొదలైంది రోగం. కండెల ఒంటి మీద, గింజ కరిగి లోపలికి దూకే చోటునుంచి కొస దాకా తెల్లగా మెరిసే గీతలు పడేవి. మగ్గాల మీద బతికే ప్రాంతం కాబట్టి మా ఆడవాళ్లు వాటికి జరీ అని పేరు పెట్టారు. చూడ్డానికి బాగానే ఉండేవి. పోగు వేసి లాగితే మాత్రం ఆ గీతల దగ్గర తట్టుకునేది. నగరి నుంచి మొదటి మూట వెనక్కి వచ్చింది. రెండో మూటతో పాటు షావుకారు కబురు కూడా వచ్చింది. ఇంకోసారి ఇట్లా వస్తే చెక్కవాటికే పోతామని.

పొద్దున వచ్చే కండెలు శుభ్రంగా ఉండేవి. మధ్యాహ్నం వచ్చేవే జరీ కట్టుకునేవి. ఇది రెండో వారానికే మాకు అర్థమైంది. అర్థమైనందువల్ల పెద్ద ఉపకారం జరగలేదు. మధ్యాహ్నం ఎండ ఎక్కువ కదా అని మొదట ఎండను తిట్టుకున్నాం. మిషన్ వేడెక్కి గింజ మాడుతోందేమోనని, దాన్ని కరిగించే బ్యారెల్ వేడి తగ్గించాం. తగ్గిస్తే గింజ సరిగా కరగక ఇంకో రోగం వచ్చింది. మళ్లీ పెంచాం. గింజను లోపలికి తోసే వేగం తగ్గించాం. కరిగిన గింజ బయటికి వచ్చే నాజిల్ విప్పి కడిగాం. కొత్త బస్తా తెరిచాం.

మా డై మేస్త్రీది తడకు అవతల, తమిళనాడు పక్క. సగం తమిళం సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఎవరినైనా ఆటపట్టించకుండా టీ తాగలేడు. డై లోపలినుంచి గాలి సరిగా బయటికి పోవడం లేదని ఆయన తీర్పు చెప్పి, డైని విప్పి, రోజుల తరబడి నున్నగా రుద్దుతూ కూర్చున్నాడు. రుద్ది పెట్టిన మొదటి రోజు మధ్యాహ్నం కండెలు అద్భుతంగా వచ్చాయి. ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఒక్కరోజు మురిపెం. మర్నాడు ఫ్యాక్టరీలకు కరెంటు ఇవ్వని సెలవు రోజు, ఆ తర్వాతి రోజు జరీ యథాప్రకారం.

అట్లా మధ్యమధ్య ఏదో ఒక రోజు సరుకు బాగా వచ్చేది. ఆ రోజు మేము ఏం మార్చి ఉంటే అదే మందు అనుకుని సంబరపడేవాళ్లం. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు నేను ఒక్క మాట చెప్తాను. చెడ్డ రోజులు మనిషిని అంతగా తప్పుదోవ పట్టించవు. కారణం తెలియని మంచి రోజులే పట్టిస్తాయి.

నైలాన్‌కు తేమ పడదని నాకు తెలియదా అంటే తెలుసు. ఆ మాట అందరికంటే ముందు నేనే అన్నాను. గింజలను ట్రేల్లో పరిచి ఓవెన్లో ఆరబెట్టాకే మిషన్లో పోస్తాం. రాత్రంతా ఆరినవి పొద్దుటి షిఫ్టుకు, పొద్దున పెట్టినవి మధ్యాహ్నానికి. నేను సాయంత్రం పూట ఓవెన్ చూసేవాణ్ని. థర్మామీటరు ఎంత చూపాలో అంతే చూపేది. ఓవెన్ పై కప్పులో ఆవిరి పోయే చిన్న కిటికీ తెరిచే ఉండేది. వేడి సరిగ్గా ఉందంటే ఓవెన్ సరిగ్గా ఉన్నట్టే అని దాన్ని వదిలేశాను.

ఓవెనూ బాగుంది, డై బాగుంది, మిషనూ బాగుంది. ఇక మిగిలింది మనిషి.

ఆ మాట మొదట ఎవరన్నారో చెప్పడం కష్టం. మేస్త్రీ టీ దగ్గర ఆటకు అన్నాడనుకుంటాను, నీ చెయ్యి జరీ చెయ్యప్పా, పుత్తూరు పోయి చీరలు నెయ్యి అని. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఆ నవ్వు ఆడవాళ్ల వెంట బస్సెక్కి వాళ్ల ఊరు పోయింది. అక్కడ దాన్ని ఎవరూ ఆటగా తీసుకోలేదు.

ఒక రోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తనను ఒక పూట పక్కన పెట్టి, మధ్యాహ్నం కూడా పొద్దుటి ఆయన చేతే నడిపించమన్నాడు. “నా సేతిలో ఏం లేదని తేలిపోవాల సార్. ఆయప్ప నడిపినా జరీనే వస్తాది, సూడు” అన్నాడు. ఆ నమ్మకం చూసి నాకూ హాయి అనిపించింది. సామిని అడిగితే సరే అన్నాడు. పొద్దుటి ఆయన రెండు షిఫ్టులూ నడిపాడు. రైతు గోడకు ఆనుకుని నిలబడి చూశాడు.

కండెలన్నీ శుభ్రంగా వచ్చాయి. ఒక్కదాని మీద కూడా గీత లేదు. నేను పోగు వేసి లాగుతుంటే అది గాలిలో జారినట్టు జారింది. మేస్త్రీకి కూడా ఆట మాట తోచలేదు. మర్నాడు కరెంటు సెలవు. ఆ తర్వాతి రోజు రైతు మళ్లీ మిషన్ దగ్గర నిలబడ్డాడు, జరీ మళ్లీ వచ్చింది. ఆ రోజు ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకోవడం నా కంటబడింది.

సామి చెడ్డవాడు కాదు. ఎవరినీ ఇంటికి పంపే మనిషి కాదు. వచ్చే నెల నుంచి ఆయన్ను మిషన్ మీద నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెడదాం, జీతం అదే ఇద్దాం అన్నాడు. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. రైతు విన్నాడు. కోపం రాలేదు. ఊరి సంగతి చెప్పాడు. మొదటి వాన పడిందట. ఊళ్లో సగం చేలల్లో విత్తనం వేశారట. తలుపు ఎవరూ తట్టలేదట.

“మా సిన్నాయన కూడా పిలవలేదు సార్. అడిగితే, ఈసారి వేరేవాళ్లతో ఏపిచ్చినానప్పా అన్నాడు. నేనేం తప్పు పట్టలే. నా సేన్లో నేనే ఎయ్యలే. నా పెండ్లాంతో ఏపిచ్చినా.”

మిషన్ల గురించి చదివిన చదువులో చేతి గురించి ఏమీ లేదు. ఆయన చేతిలో దోషం లేదని నా బుద్ధికి తెలుసు. కానీ నా కళ్లతో చూసిన పరీక్ష ఉందనే చెప్పింది. ఆ రెంటి మధ్య చాలా రోజులు నాకు అన్నం సరిగా దిగలేదు.

అప్పుడు తొలి ఏకాదశి వచ్చింది.

ఆ మధ్యాహ్నం రైతు మామూలుగా వచ్చి, ట్రేల్లోని గింజలను మిషన్లో పోసి, పని మొదలుపెట్టాడు. మొదటి కండె వచ్చింది. గీత లేదు. రెండోది, లేదు. గంట గడిచినా లేదు. ఆయన నా వైపు చూశాడు కానీ పిలవలేదు. పిలిస్తే ఎక్కడ చెడిపోతుందో అన్నట్టు ఉన్నాడు. నేను ఒక గుప్పెడు కండెలు తీసుకుని సామి గదిలోకి పోయి చూపించాను. సామి వాటిని కళ్లకు అద్దుకున్నాడు. “ఈ పొద్దు తొలి ఏకాదశప్పా. పొద్దుటినుంచి తీర్థం తప్ప ఏం ముట్టలేదు. స్వామి కరుణించినాడు” అన్నాడు.

నేను తల ఊపి బయటికి వచ్చాను. వరండాలో నడుస్తుంటే ఆ మాట నన్ను వెనక్కి లాగింది. పొద్దుటి ఆయన రెండు షిఫ్టులూ నడిపిన రోజు సామి మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. గదిలో కూర్చుని మా పరీక్ష కోసం ఎదురుచూశాడు. ఆందోళనతో తినలేదనుకున్నాను. ఈయన ఆందోళనకు అన్నం మానే మనిషి కాదు. ఆ రోజు కూడా ఏకాదశి. డై రుద్దిన మేస్త్రీ మురిసిపోయిన రోజున కూడా, ఆయన టీ తాగుదాం రమ్మంటే సామి ఉపవాసమని చెప్పి పంపేశాడు.

నేను తిన్నగా ఓవెన్ దగ్గరికి పోయి తలుపు తీశాను. పై అరలో ఏమీ లేదు.

ఇక్కడ సామి భోజనం గురించి చెప్పాలి. ఎండాకాలం ముందువరకు ఆయన మధ్యాహ్నం స్కూటర్ మీద ఇంటికి పోయి తినివచ్చేవాడు. ఎండలు ముదిరాక ఆ తిరుగుడు పడక, ఇంటినుంచి క్యారియర్ తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో మడితో వండిన అన్నం. దాన్ని ఎవరూ తాకకూడదు, ఎవరి ఎంగిలి గాలీ సోకకూడదు. ఆయన గదిలో బల్లమీద మా టీ గ్లాసులు, మేస్త్రీ బోండాలు. షెడ్డు మొత్తం మీద మనుషులు తినేది ఏదీ పెట్టని చోటు, నిప్పు వేడి ఉన్న చోటు ఒకటే కనిపించింది ఆయనకు. అదే ఓవెన్. పది గంటలకు వచ్చి, కొళాయి దగ్గర గుడ్డ తడిపి పిండి, తడిగుడ్డ మడికి సమానం కాబట్టి దాన్ని క్యారియర్‌కు చుట్టి, తన చేత్తోనే పై అరలో పెట్టేవాడు. ఒంటిగంటకు తీసేవాడు. ఇదంతా మేము రోజూ చూసేదే. ఆయన భక్తి చూసి ముచ్చటపడేవాళ్లం కూడా. తడిగుడ్డ ఎండి ఆవిరి ఎక్కడికి పోతుందని ఒక్కరం కూడా అనుకోలేదు.

మర్నాడు ద్వాదశి. సామి పొద్దున్నే ఇంట్లో పారణ చేసి వచ్చాడు కాబట్టి క్యారియర్ లేదు. మధ్యాహ్నం కండెలు మళ్లీ శుభ్రంగా వచ్చాయి. రైతు ముఖంలో అప్పుడప్పుడే వెలుగు రావడం చూశాను. నాకు మాత్రం భయం పట్టుకుంది. అన్నం పెట్టే యజమానితో నీ అన్నమే సరుకును పాడుచేస్తోందని ఎట్లా చెప్పడం. మేస్త్రీతో చెబితే ఆయన మొదటిసారిగా ఆట మాట ఆడకుండా, “సార్, నీకు వేరే ఉద్యోగం చూసి పెట్టమంటావా” అని నిజంగానే అడిగాడు.

త్రయోదశినాడు నేను పదింటికి ఓవెన్ దగ్గర నిలబడ్డాను. సామి తడిగుడ్డ చుట్టిన క్యారియర్‌తో వచ్చాడు. తలుపు తీసి, పైన ఆవిరి పోయే చిన్న కిటికీని చేత్తో మూశాడు. అదెందుకని అడిగాను. పైనుంచి ఇనుప పొడి అన్నం మీద పడుతుందని చెప్పాడు. తీసుకునేటప్పుడు మళ్లీ తెరుస్తాడట. నేను సాయంత్రం చూసినప్పుడల్లా అది తెరిచి ఉండడానికి కారణం అదీ. ఏకాదశుల సంగతి, తడిగుడ్డ సంగతి, కిటికీ సంగతి ఒకదాని వెంట ఒకటి, నేల చూస్తూ చెప్పేశాను.

సామి ముఖం ఎర్రబడింది. “నా అన్నం మీద పడినావా అప్పా నువ్వు” అన్నాడు. క్యారియర్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కొంతసేపటికి ఆయన దాన్ని ఓవెన్లోనే పెట్టాడు. ఇక అయిపోయిందనుకున్నాను. తలుపు వేయకుండా నావైపు తిరిగి, రాత్రి ఆరిన గింజలు ఏమైనా మిగిలాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. వాటిని గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి తన గదిలో పెట్టమన్నాడు. మధ్యాహ్నం ముందు డబ్బాలోవి, తర్వాత ట్రేలోవి, రెండూ రైతు చేతే పోయిద్దామన్నాడు. ఏవి ఎక్కడివో ఆయనకు చెప్పవద్దన్నాడు. ఆ పరీక్ష నాకు తట్టలేదు. ప్లాస్టిక్కులోకి ఆయన ఊరికే దిగలేదని ఆ రోజు తెలిసింది.

ఒంటిగంటకు క్యారియర్ తీశాడు కానీ విప్పలేదు. రెండింటికి రైతు వచ్చాడు. సామి, మేస్త్రీ, నేను మిషన్ చుట్టూ నిలబడడం చూసి గేటు ఉద్యోగం ఈ రోజే అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. డబ్బాలో గింజలు పోశాడు. కండెలు నున్నగా వచ్చాయి. అవి అయిపోయాక ట్రేలోవి పోశాడు. మిషన్లో మిగిలిన డబ్బా గింజలతో మొదటి కొన్ని కండెలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒకదాని మీద సన్నటి గీత. దాని వెనకది రెండు గీతలు. ఆ తర్వాత వచ్చినవన్నీ నిండుగా జరీ కట్టుకుని వచ్చాయి. సామి రెండు కండెలు తీసుకుని, నా చేతిలోంచి పోగు తీసుకుని, తనే వేసి లాగాడు. ఒకదాని మీద జారింది. ఇంకోదాని మీద తట్టుకుని తెగింది.

ఏరే ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. సామి అందరికీ వినపడేట్టు చెప్పాడు. “తప్పు నీ చేతిది కాదప్పా. నా క్యారియర్‌ది.”

జరిగిందంతా నేను వివరించాను. రైతు రెండు కండెలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. సంతోషపడతాడనుకున్నాను. ఆయన తల ఎత్తి సామితో అన్నాడు, “ఈ మాట ఈడ సెప్తే సాలదు సామీ. మా ఊర్లో సెప్పాల.”

అంతవరకూ ఆ మనిషి సామిని ఏదీ అడగడం నేను వినలేదు. సామి కండెలు రెండూ జేబులో వేసుకుని, రేపు పొద్దున ఎక్కడికి రావాలో చెప్పమన్నాడు.

పల్లెలో పొద్దున మనుషులంతా చేరే చోటు పాలకేంద్రం. స్కూటర్ వెనక నన్ను కూర్చోబెట్టుకుని సామి వచ్చాడు. నుదుట నామం, తెల్ల పంచె. చెంబులు, బిందెలు పట్టుకుని వరుసలో నిలబడినవాళ్లు పక్కకు జరిగారు, పాలు కావాలేమోనని. ఆయన జేబులోంచి కండెలు తీసి, తన పేరు, ఊరు చెప్పుకుని, మొదలుపెట్టాడు. ఈ ఊరి మనిషి చేతికి తన ఫ్యాక్టరీవాళ్లు పేరు పెట్టారనీ, అది తప్పనీ, తన అన్నం క్యారియర్ తడి గింజల్లోకి పోయి సరుకు చెడిందనీ చెప్పాడు. నైలాన్ అంటే అక్కడ ఎవరికీ పట్టలేదు. కానీ అంత దూరంనుంచి ఒక పెద్దమనిషి వచ్చి, తన అన్నం గురించి తానే తప్పు చెప్పుకోవడం అందరికీ పట్టింది.

ముసలాయన ఒకరు పాలబిందె కింద పెట్టి, నిజంగా అర్థం చేసుకుందామనే అడిగాడు. “అంటే సామీ, మీ సారన్నం ఆవిరి పోయి దీంట్లో దూరిందంటావా?”

“దూరిందప్పా” అన్నాడు సామి.

ఎవరో ముందు నవ్వారు. తర్వాత వరుసంతా నవ్వింది. సామి కూడా నవ్వాడు. రైతు మాత్రం నవ్వలేదు. వరుసలో వెనక నిలబడిన ఒక మనిషినే చూస్తున్నాడు. అది వాళ్ల చిన్నాయన అని నేను పోలికను బట్టి అనుకున్నాను. ఆ మనిషి పాలు పోసి, సంతకం పెట్టి, ఖాళీ చెంబు పట్టుకుని రైతు దగ్గరికి వచ్చి, మామూలుగా అన్నాడు. “రెండో సేను ఇంకా ఎయ్యలేదురా. వాన పడతానే రా.”

ఆ తర్వాత మేస్త్రీ సామి గదిలో గోడకు ఎత్తుగా క్యారియర్ కోసం ఒక చెక్క అర కొట్టి, దాని దగ్గరికి తన బోండాలతో సహా ఎవరూ పోకూడదని చట్టం చేశాడు. సామి చల్లారిన అన్నమే తిన్నాడు. చారు చల్లగా ఉంటే రుచి తెలియదని ఒకసారి నాతో అన్నాడు, అంతే. ఓవెన్ కిటికీని ఇక ఎవరూ మూసే వీలు లేకుండా నేను మేకు కొట్టించాను. మధ్యాహ్నం కండెలు నున్నగా వచ్చాయి. నగరి షావుకారు ఇంకో పెద్ద మూటకు కబురు పెట్టాడు. త్వరగా కావాలన్నాడు.

ఆ మూట ఇంకా సగం ఉండగా ఒక రాత్రి పెద్ద వాన పడింది. మర్నాడు రెండయింది, రెండున్నర అయింది, రైతు రాలేదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి చెప్పకుండా రాకపోవడం అదే మొదలు. పొద్దుటి ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. మిషన్ వేడిగా, ఖాళీగా నిలబడి ఉంది. నేను గేటుకూ మిషన్‌కూ మధ్య తిరుగుతున్నాను. షావుకారు మనిషి సాయంత్రం వస్తాడు. ఆడవాళ్లు ఏరడానికి కండెలు లేక కూర్చున్నారు. వాళ్లలో ఒకామె చెప్పింది, తెల్లవారకముందే ఆయన తలుపు తట్టారని, ఒక చేను అయితే ఇంకో చేనివాళ్లు దారిలోనే పట్టుకుపోతున్నారని.

సామి గదిలోంచి బయటికి వచ్చి మిషన్ ఎందుకు ఆగిందని అడిగాడు. చెప్పాను. నేను నడిపిస్తాను, నాకు వచ్చు అని కూడా అన్నాను. ఆయన రేకుల కింద నుంచి బయట తడిసిన నేల వైపు కొంతసేపు చూశాడు.

“వద్దప్పా. ఈ పొద్దు ఆ చెయ్యి ఆడనే ఉండాల. ఆపేయ్” అన్నాడు.

నేను కదిలేలోపే తనే పోయి, హీటర్ల స్విచ్చులు ఒక్కొక్కటే కిందికి దించాడు.